తొట్టిలో నీళ్ళు చాలకుంటే గాడిలో మేత మిగులుతుంది

పాలు తగ్గాయంటే మన రైతు మొదట చూసేది దాణా బస్తా వంక. చెక్క మారుస్తాడు, తవుడు పెంచుతాడు, ఖనిజ లవణ మిశ్రమం తెస్తాడు. ఆకలి పుట్టిస్తుందని దుకాణంలో ఇచ్చిన పొడి పొట్లం కూడా కలుపుతాడు. గేదె మాత్రం గాడిలో సగం గడ్డి వదిలేసి అలాగే నిలబడి ఉంటుంది. "మేత మీద ధ్యాసే లేదండీ దీనికి" అని ఆసుపత్రికి వెళితే డాక్టరు అడిగే ప్రశ్నల్లో ఒకటి ఉంటుంది: రోజుకు ఎన్ని బిందెల నీళ్ళు పెడుతున్నారు? దీనికి ఠక్కున జవాబు చెప్పే రైతు అరుదు. దాణా కిలోల్లో చెబుతాం, పాలు లీటర్లలో చెబుతాం, నీళ్ళ దగ్గరకొచ్చేసరికి "తాగినన్ని" అంటాం. తాగినన్ని అంటే మనం పెట్టినప్పుడు తాగినన్ని. దానికి కావలసినప్పుడు కావలసినన్ని అని కాదు. ఈ తేడాలోనే అరలీటరో లీటరో పాలు పోతుంటాయి.

మనిషి సంగతి వేరు. అన్నం ముందు చెంబెడు నీళ్ళు తాగితే మనం నాలుగు ముద్దలు తక్కువే తింటాం. పొలం గట్టున కప్పు మీద కప్పు టీ తాగి ఆకలి చంపుకోవడం కూడా మనకు అలవాటే. ఆ లెక్కనే పశువుకూ వర్తింపజేసి "నీళ్ళు ఎక్కువ పెడితే పొట్ట నిండిపోయి మేత తినదు" అనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. పశువులో జరిగేది దాదాపు దీనికి తలకిందులు. ఎందుకో చూద్దాం.

పొట్టలో జరిగేది ఇదీ

నెమరు వేసే పశువు పొట్టలో నాలుగు గదులుంటాయి. ఎడమ డొక్క వైపున ఉండేది అన్నిటికంటే పెద్దది. డాక్టర్లు దాన్ని రూమెన్ అంటారు, మనం పెద్ద పొట్ట అందాం. పెద్ద గేదెకు అందులో నూరు లీటర్లకు పైనే పడుతుంది. మేసిన గడ్డి ముందుగా వచ్చిపడేది ఇందులోకే. కంటికి కనపడని కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆ గడ్డిని పులియబెట్టి, పశువు ఒంటికి పట్టేలా మారుస్తాయి. ఒక్కమాటలో చెప్పాలంటే మనం మేపేది గేదెను కాదు, దాని కడుపులోని ఆ జీవులను.

ఈ పనంతా నీళ్ళలోనే జరగాలి. పెద్ద పొట్టలో ఉన్న సరుకులో నూటికి 85 నుంచి 90 పాళ్ళు నీరే. మరి మనం వేసే వరిగడ్డిలో తేమ ఎంత? నూటికి పది పాళ్ళు. చొప్పా అంతే. మిగతా నీరు లాలాజలం నుంచీ, తాగే నీళ్ళ నుంచీ రావాలి. లాలాజలం ఊరాలన్నా ఒంట్లో నీరుండాలి గదా! నీరు తగ్గితే గడ్డి సరిగా నానదు, నెమరు తగ్గుతుంది, ముక్కలు చిన్నవి కావు. చిన్నవి కానిదే అవి తరువాతి గదుల్లోకి కదలవు. పాత గడ్డి కదలకపోతే కొత్త గడ్డికి చోటెక్కడ? కడుపు బరువుగానే ఉంటుంది కాబట్టి ఆకలి వేయదు. దీనికి తోడు రక్తంలో నీటి పాలు తగ్గగానే ఇక మేత ఆపమని మెదడు నుంచి కబురు అందుతుంది. దాహంగా ఉన్న గేదె ముందు ఎంత మంచి మేత వేసినా మూతి తిప్పుకునేది ఇందుకే.

తాగిన మంచినీళ్ళు పెద్ద పొట్టలో రోజుల తరబడి నిలవవు. కొన్ని గంటల్లోనే కిందికి జారిపోతాయి, ఒంటికి చేరిపోతాయి. నిలిచేది గడ్డే. కనుక నీళ్ళు చోటు ఆక్రమిస్తాయనే భయం పెట్టుకోకండి.

ఎన్ని బిందెలు?

స్థూలంగా ఒక లెక్క గుర్తుంచుకోండి. పెద్ద గేదెకు ఒంటి పోషణకు రోజుకు 30 లీటర్లు. దాని పైన ఇచ్చే ప్రతి లీటరు పాలకు మరో 4 లీటర్లు. రెండు పూటలా కలిపి 8 లీటర్లిచ్చే గేదెకు 60 లీటర్లు దాటాలన్నమాట. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే నాలుగు బిందెల పైమాటే. వేసవిలో ఒకటి రెండు బిందెలు అదనంగా చూసుకోవాలి. పచ్చిమేత దండిగా ఉంటే కొంత తగ్గుతుంది. పచ్చి జొన్న, మొక్కజొన్న మేతలో నూటికి 75 నుంచి 80 పాళ్ళు నీరే ఉంటుంది. ఇరవై కిలోలు వేస్తే ఒక బిందె నీళ్ళు మేతలోనే వెళ్ళినట్టు. వేసవిలో తిరగబడేది ఇక్కడే. పచ్చిమేత అయిపోయి ఎండుగడ్డి మీద పడతాం, ఎండా పెరుగుతుంది, అదే సమయంలో బోరూ తగ్గుతుంది. మూడూ కలిసి ఒకేసారి దెబ్బకొడతాయి.

"నీళ్ళు ఎక్కువ తాగితే పాలు పలచబడతాయి, వెన్న పడిపోతుంది" అని మరో అపోహ. పొదుగు కుళాయి కాదు. పాలలోని చక్కెర పొదుగులోనే తయారవుతుంది, అది తనకు కావలసినంత నీటినే రక్తం నుంచి లాక్కుంటుంది. గేదె పాలలో నూటికి 82, 83 పాళ్ళు, ఆవు పాలలో సుమారు 87 పాళ్ళు నీరు. పశువు ఎంత తాగినా ఈ పాళ్ళు పెద్దగా మారవు. నీరు చాలకపోతే పాలు చిక్కబడవు, మొత్తమే తగ్గిపోతాయి. పాలు పలచన కావడం గేదె తాగిన నీళ్ళ వల్ల కాదు, పితికాక క్యానులో పోసిన నీళ్ళ వల్ల అవుతుంది. ఆ సంగతి ఇక్కడ వద్దు లెండి.

కుడితి మంచిదే, కానీ...

మన ఇళ్ళలో అసలు చిక్కు కుడితి తొట్టి దగ్గర ఉంది. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, తవుడు, నానిన చెక్క, అన్నీ అందులోకే. పశువు ఇష్టంగా తాగుతుంది. ఇంట్లో ఏదీ వృథా కాదు. తవుడు దుమ్ము ముక్కులోకి పోదు. వట్టి నీళ్ళు ముట్టని పశువు కూడా కుడితి రుచికి నాలుగు గుక్కలు ఎక్కువే తాగుతుంది. ఇవన్నీ నిజాలే, కాదనడానికి లేదు. అయితే ఇవతలి వైపు కూడా చూడాలి.

మొదటిది, అలవాటు. పుట్టినప్పటి నుంచీ కుడితి మరిగిన గేదె మంచినీళ్ళ తొట్టి వంక చూడదు. ఉదయం ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు కుడితి తాగి ఊరుకుంటుంది. కలిపితే ముప్ఫై లీటర్లు కూడా ఉండదు. ఇంటావిడ పుట్టింటికో పెళ్ళికో వెళ్ళి రెండు రోజులు ఉండిపోతే, మగవాళ్ళు కలిపిన కుడితి రుచి నచ్చక అదీ మానేస్తుంది. ఆమె తిరిగొచ్చేసరికి పాలు సగం. "మనిషి మీద బెంగ" అంటాం. బెంగ కొంత ఉంటే ఉండొచ్చు, దాహం మాత్రం ఖాయం.

రెండోది, నమలడం. దాణా అంతా నీళ్ళలో కలిపేస్తే పశువు గడగడా తాగేస్తుంది. నమలకపోతే లాలాజలం ఊరదు. ఆ లాలాజలంలో తినేసోడా లాంటి గుణం ఉంటుంది, పెద్ద పొట్టలో పుట్టే పులుపును విరిచేది అదే. పైగా చిక్కటి కుడితి తాగగానే కడుపు నిండిన భావన కలిగి గడ్డి మీద శ్రద్ధ పోతుంది. చూశారా, వట్టి నీళ్ళు చంపని ఆకలిని చిక్కటి కుడితి చంపుతుంది! గడ్డి తగ్గితే నష్టం ఏమిటంటారా? పాలలో వెన్న తయారీకి కావలసిన ముడిసరుకులో పెద్ద వాటా పీచు పులియడం వల్లే వస్తుంది. అన్నం, గంజి, తవుడు ఎక్కువై గడ్డి తగ్గిన గేదె పాలలో వెన్న శాతం పడిపోతుంది. పాలకేంద్రంలో మనకు డబ్బు వచ్చేది వెన్నను బట్టి. దాణాకు ఎక్కువ పెట్టి, పాల రేటు తక్కువ తెచ్చుకున్నట్టు అవుతుంది.

మూడోది, నిలవ. ఎండాకాలం పొద్దున కలిపిన కుడితి సాయంత్రానికి పుల్లబడుతుంది. అడుగున పేరుకున్న మడ్డి మీద రోజూ కొత్తది పోస్తుంటే తొట్టి గోడలకు బూజు పడుతుంది. మనం ముక్కు మూసుకునే దాన్ని పశువు తాగాలనుకోవడం న్యాయం కాదు.

నన్నడిగితే కుడితి మానక్కర్లేదు, దాని పాత్ర తగ్గించాలి. చెక్కను విడిగా నానబెట్టి, తవుడుతో కలిపి, చేత్తో పిడికిలి పడితే ముద్ద అయ్యేంత తడితో గడ్డి తరువాత పెట్టండి. కడుగు నీళ్ళు పలచగా పోసి, తాజాగా, ఏ పూటది ఆ పూటే అయిపోయేలా చూడండి. పక్కనే మంచినీళ్ళు విడిగా ఎప్పుడూ ఉండాలి. అలవాటున్న పశువుకు ఒక్కరోజులో మార్చకండి, అలిగి కూర్చుంటుంది. రోజుకు కొంచెం చొప్పున కుడితిని పలచన చేసుకుంటూ పది పన్నెండు రోజుల్లో మంచినీళ్ళకు తీసుకురండి. తొలి రోజుల్లో నీళ్ళలో గుప్పెడు తవుడు చల్లితే మూతి పెడుతుంది.

పెళ్ళింటి అన్నంతో జాగ్రత్త

ఏటా పెళ్ళిళ్ళ రోజుల్లో పశువుల ఆసుపత్రులకు తప్పని కేసు ఒకటుంది. విందులో మిగిలిన అన్నం, పులిహోర, గంజి, పారబోయడం ఎందుకని ప్రేమగా గేదెకు పెట్టేస్తారు. అది ఇష్టంగా తినేస్తుంది. అన్నంలోని పిండి పదార్థం పెద్ద పొట్టలో విపరీతంగా పులిసి ఆమ్లం పుడుతుంది. గడ్డిని పులియబెట్టే మంచి జీవులు ఆ పులుపుకు చచ్చిపోతాయి. ఒంట్లోని నీరు కూడా పొట్టలోకి లాగబడుతుంది. అంటే కడుపులో నీళ్ళు తొణుకుతుంటాయి, ఒళ్ళు మాత్రం ఎండిపోతుంది. పన్నెండు గంటలు తిరిగేసరికి మేత మానేస్తుంది, నెమరు ఆగుతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, పుల్లని వాసనతో నీళ్ళలా పేడ పడుతుంది. తూలుతుంది, పడిపోతుంది. ఆలస్యమైతే లక్ష రూపాయల పశువైనా దక్కదు.

ఇలా తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. వెంటనే డాక్టరుకు కబురు పెట్టండి, లేదా సంచార పశువైద్యశాల కోసం 1962 నంబరుకు ఫోను చేయండి. ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో చెప్పండి. ఈలోగా నీళ్ళు, మేత ఎలా ఇవ్వాలో, సోడా పట్టాలో వద్దో వారు చెప్పినట్టే చేయండి. కంగారులో గొట్టంతో నూనె, మజ్జిగ నోట్లో పోసేవాళ్ళున్నారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రమాదం. అన్నం పెట్టడం తప్పదనుకుంటే గుప్పెడు, రెండు గుప్పెళ్ళు గడ్డితో కలిపి పెట్టండి. మిగతాది పెంటపోగులో వేయడమే క్షేమం.

ఎప్పుడు, ఎలాంటి నీళ్ళు

పశువు రోజంతా ఒకేలా తాగదు. మేత తిన్నాక తాగుతుంది, పాలు పితికిన గంటలోపు బాగా తాగుతుంది. మనం సరిగ్గా ఆ వేళకే పాలక్యాను పట్టుకుని కేంద్రానికి పరుగెడతాం, తొట్టి ఖాళీగా ఉంటుంది. పితకడానికి కూర్చునే ముందే తొట్టి నింపి పెట్టండి. ఇది పైసా ఖర్చు లేని పని. కట్టేసిన చోటే రాత్రి కూడా నీళ్ళు అందేలా ఒక సిమెంటు గోలెం పాతుకుంటే ఇంకా మంచిది. రోజుకు రెండుసార్లు చెరువుకు తోలే పశువు, ఆ రెండుసార్లూ కడుపు పట్టినన్ని తాగినా, రాత్రి ఎండుగడ్డి తినేటప్పుడు దాహంతోనే ఉంటుంది. రాత్రి మిగిలిన గడ్డికి కారణం చాలాసార్లు ఇదే. 2025 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ నిధులతో ఊరూరా పశువుల తొట్లు కట్టే పని చేపట్టారు. మీ ఊళ్ళో తొట్టి ఉంటే దాన్ని నింపే బాధ్యత ఎవరిదో పంచాయతీలో తేల్చుకోండి. ఎండిన తొట్టి ఎవరికీ ఉపయోగపడదు.

గేదెది నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ. ఎండకు అది తట్టుకోలేదు. ఒళ్ళు వేడెక్కితే ముందు తగ్గించుకునేది మేతనే, ఎందుకంటే మేత అరిగేటప్పుడు కూడా వేడి పుడుతుంది. చల్లని నీళ్ళు తాగితే పెద్ద పొట్ట చల్లబడి మళ్ళీ మేత మీదికి వస్తుంది. కనుక తొట్టి నీడన ఉండాలి. బోరు నుంచి నల్ల పైపు ఎండలో పరిచి ఉంటే మొదట వచ్చే నీళ్ళు కాలిపోతుంటాయి. అవి మొక్కలకు వదిలేసి, చల్లబడ్డాకే తొట్టికి పెట్టండి. మధ్యాహ్నం మేత వేయడం కన్నా తెల్లవారుజామున, చీకటి పడ్డాక వేస్తే ఎక్కువ తింటుంది. చలికాలంలో ఇది తిరగబడుతుంది. తెల్లవారి తొట్టిలో నీళ్ళు జిల్లుమంటాయి, పశువు మూతి పెట్టి తీసేస్తుంది. అప్పుడే తోడిన బోరు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, అవి పెట్టండి. ఈనిన పశువుకు నీళ్ళు పెడితే పొదుగు వాస్తుందని ఆపే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఈనేటప్పుడు ఒంట్లోంచి ఎంత నీరు పోతుందో చూసినవాళ్ళు ఆ పని చేయరు. గోరువెచ్చని నీళ్ళు తాగినన్ని ఇవ్వండి.

ఇక నీటి రుచి. దాణాలో వేసే చిటికెడు ఉప్పు దాహం పెంచి మేలు చేస్తుంది, కానీ నీళ్ళే ఉప్పగా ఉంటే పశువు నీళ్ళూ తగ్గిస్తుంది, మేతా తగ్గిస్తుంది. తీర గ్రామాల్లో, లోతు బోర్ల ఊళ్ళలో ఈ బాధ ఎక్కువ. నీటి పరీక్షలో లీటరుకు మొత్తం లవణాలు 1000 మిల్లీగ్రాముల లోపుంటే భేషైన నీళ్ళు. 3000 వరకూ ఫరవాలేదు. 5000 వరకూ కొత్తలో పేడ పలచబడినా అలవాటు పడతాయి. 7000 దాటితే చూడి పశువులకూ పాల పశువులకూ పెట్టవద్దు. 10000 దాటితే ఏ పశువుకూ వద్దు. నీళ్ళు ఉప్పన అయితే దాణాలో ఉప్పు తగ్గించుకోవాలి.

ఫ్లోరైడు సంగతి మరీ దొంగది. రుచి తెలియదు. అప్పటి నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో ఈ జబ్బును 1937లో గుర్తించి రాశారు. ఎడ్లు కీళ్ళు పట్టేసి నడవలేకపోవడాన్ని ముందుగా గమనించింది రైతులే. ఫ్లోరైడు పశువు పళ్ళను గుల్ల చేసి అరగదీస్తుంది. చల్లని నీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమని, గుటకలు వేయకుండా నాలుకతో కుక్కలా నాకుతుంది. నమలలేక మేత తగ్గిస్తుంది. అలా నాకే పశువు కనిపిస్తే పళ్ళు చూడండి, నీళ్ళు పరీక్ష చేయించండి. చెరువు, వర్షపు నీళ్ళు దొరికే రోజుల్లో వాటికి మార్చండి. అయితే మడుగు నీళ్ళలో నత్తలుంటే కార్జపు జలగల బెడద ఉంటుంది. దవడ కింద నీరు దిగి, మేత తగ్గి, పేడ పారుతుంటే డాక్టరుకు పేడ చూపించాలి. తొట్టికి పదిహేను రోజులకోసారి లోపల సున్నం వేస్తే నాచు పట్టదు.

దూడలు, కోళ్ళు

దూడ పాలు తాగుతోంది కదా, నీళ్ళెందుకు అంటారు చాలామంది. పాలు చీకేటప్పుడు దూడ గొంతు కింద ఒక కాలువ ముడుచుకుని, పాలు పెద్ద పొట్టను తప్పించుకుని నేరుగా చివరి గదికి వెళ్ళిపోతాయి. అంటే పెద్ద పొట్టకు పాల తడి అందదు. తొట్టిలో తాగిన మంచినీళ్ళు మాత్రం పెద్ద పొట్టలోకే పోతాయి, అక్కడ దాణా పులియడానికి పనికొస్తాయి. 1984లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, మంచినీళ్ళు పెట్టని దూడలు పెట్టిన వాటి కన్నా దాణా 31 శాతం తక్కువ తిన్నాయి, బరువు 38 శాతం తక్కువ పెరిగాయి. మొదటి వారం నుంచే చిన్న బకెట్టులో శుభ్రమైన నీళ్ళు పెట్టండి. పెయ్య త్వరగా ఎదకు రావాలంటే ఇక్కడి నుంచే మొదలు.

పెరటి కోళ్ళు తిన్న గింజల బరువుకు రెండింతలు నీళ్ళు తాగుతాయి, ఎండల్లో ఇంకా ఎక్కువ. గుడ్డులో నూటికి 75 పాళ్ళు నీరే. ముంత నీడన పెట్టి రోజుకు రెండుమూడుసార్లు నీళ్ళు మార్చితే చాలు.

మీ గేదెకు నీరు చాలుతోందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. పేడ గట్టిపడి ఉండలు ఉండలుగా పడుతోందా, మూత్రం ముదురు రంగులో కొద్దిగా పోస్తోందా, మెడ మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా మడతగా నిలుస్తోందా, పడుకున్నప్పుడు నెమరు తగ్గిందా చూడండి. రేపటి నుంచి మూడు రోజులు బిందెలు లెక్కపెట్టి గోడ మీద బొగ్గుతో గీతలు గీయండి. మేత ఎంత మిగిలిందో, పాలు ఎన్ని ఇచ్చిందో పక్కనే రాయండి. డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సి వస్తే ఆ లెక్క తీసుకెళ్ళండి.